నీళ్లు ఎన్ని గంటలకొస్తయో అడుగు

జర దగ్గరికి జరుగు బిడ్డా. ఆ పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు మంటల ఎయ్యి. పత్తికట్టె బిరబిర కాలిపోతది గని, కింద తుమ్మమొద్దు పెట్టిన, అది తెల్లారేదాక కణకణ ఉంటది. రేపు గీ యాళ్లకు నువ్వు కామారెడ్డిల దేవగిరి బండి ఎక్కి కూసుంటవు. ఒక్క నిద్ర తీస్తె దాదరు. మా కాలంల గట్ల లేకుండె. కామారెడ్డి కాడ చిన్న లైను బండి ఎక్కితె నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదు మీదికెల్లి మన్మాడు దాక అదే. మన్మాడుల దిగి, రేకుపెట్టె నెత్తికెత్తుకొని, పెద్ద లైను బండి కోసం ప్లాట్‌ఫారం మీద పండుకునుడు. ఊరు ఇడ్సిన అన్నది నాకు మన్మాడులనే తెలిసింది. అందాక డబ్బల తెలుగు ఇనబడ్డది. పెద్ద లైను బండిల ఒక్క ముక్క ఇనబడలే.

నీ ఆపీసు బొంబాయిల లోయర్ పరేల్‌ల అని మీ నాయిన చెప్పిననాడు నాకు రాత్రంత నిద్ర రాలే. పదిహేడేండ్లు ఆ గల్లీలల్లనే తిరిగిన. మీరు అద్దాల బిల్డింగులు అంటున్న కాడ అప్పుడు ఇటుక గోడ, ఇనుప గేటు, మొయిలును తాకే పొగగొట్టం ఉండె. పొద్దున ఏడు కాకముందే భోంగా కూసేది. ఒక్కో మిల్లు భోంగాది ఒక్కో గొంతు. నిద్రలున్న మనిషి గూడ తన మిల్లు కూత గుర్తు వట్టి లేస్తుండె. ఫీనిక్సు మిల్లు ఉన్న జాగల ఇప్పుడు పెద్ద మాలు అయ్యిందట గద. ఆ గేటు ముందటికెల్లి నేను దినం నడిచిన. నువ్వు గూడ నడుస్తవు. నాకు సంతోషమే.

నీకు అందరు అన్ని చెప్తున్నరు. మీ మామ ఫోన్ల లిస్టు పంపిండు, మీ అమ్మ పచ్చడి డబ్బలు కట్టింది, పక్కింటి పోరడు అక్కడి హోటళ్ల పేర్లు రాసిచ్చిండు. నేను ఒక్కటే అడుగుత. నువ్వు ఉండవోయే ఇంట్ల నీళ్లు ఎన్ని గంటలకు వస్తయో అడిగినవా?

అడగలే. అప్పుడు నేను గూడ అడగలే. గందుకే చెప్తున్న.

1965ల దసరాకు మా పెద్దబావ బొంబాయి నుంచి వచ్చిండు. ఒంటి మీద టెరిలీన్ అంగి, చేతికి గడియారం. మా అవ్వకు చీర తెచ్చిండు, మా బాపుకు సిగరెట్ పెట్టె తెచ్చిండు. మా ఇంట్ల అప్పుడు గుంటమగ్గం. పొద్దుగూకులు గుంతల కాళ్లు పెట్టి నేసినా సావుకారి కాడ తెచ్చిన నూలు బాకీ తీరకపోతుండె. నాకు పద్దెనిమిదేండ్లు. బావ చుట్టు తిరుక్కుంట అడిగిన: సముద్రం ఎంతుంటది బావా, రెండంతస్తుల బస్సు ఎట్లుంటది, సినిమావాళ్లు కనిపిస్తరా? అన్నిటికి జెప్పిండు. పోయే రోజు, నేను గూడ వస్త అన్న. ఆయన ముఖం జరసేపు ఎట్లనో అయ్యింది. నాకు అప్పుడు సమజ్ కాలే. "రా" అన్నడు.

ఆయన అంగి చూసి పోయిన బిడ్డా. అంగి ఏసుకున్న మనిషి యాడ పండుకుంటడు, ఎంతమందితోని పండుకుంటడు, తిని, కిరాయి కట్టినంక చేతుల ఎంత మిగులుతది అని ఒక్కటి అడగలే. ఆ గడియారం ఆయనది గాదని, గదిల ఇంకొకని కాడ పండుగకు అడుక్కొని తెచ్చుకున్నడని బొంబాయి పోయినంక తెలిసింది. ఆయన మంచోడే. ఊరికి ఒట్టి చేతులతోని రావాలంటె మనిషికి ఎంత కష్టమో తర్వాత నాకు గూడ తెలిసొచ్చింది.

మేమున్నది పరేల్ దిక్కు ఒక చాల్. మూడంతస్తులు, ఒక్కో అంతస్తుకు పొడుగు వరండ, వరండ పొంటి ఖోలీలు. ఒక్కో ఖోలి పదడుగులు, పన్నెండడుగులు. మా దాంట్ల పద్నాలుగు మందిమి. అందరం సిరిసిల్ల చుట్టుపక్కలోళ్లమే. పద్నాలుగు మంది ఒక్కపారి పండుకునే జాగ లేదు. మిల్లుకు మూడు పాళీలు గదా, ఒక పాళి పోతె ఇంకో పాళి వచ్చి పండుకుంటుండె. ఒక్కొక్కనికి గోడకు ఒక మేకు, గోడ కింద ఒక పెట్టె, అంతే ఆస్తి. నాకు మేకు ఇయ్యలే. నెల దినాలైనంక ఒకడు భీవండి పోతె, ఆని మేకు నాకు వచ్చింది. ఆ రోజు నా అంగి గోడకు తగిలిచ్చి చానసేపు దాని దిక్కు చూసుకుంట కూసున్న.

మొదటి పొద్దున లేచేసరికి ఏడైంది. నల్లా కాడికి పోతె ఎండిపోయి ఉన్నది. నీళ్లు తెల్లారగట్ల నాలుగింటికి వచ్చి ఐదున్నరకు బందైతయట. నన్ను ఎవ్వలూ లేపలే. ఎవ్వని వంతు వాడు చూసుకునుడు అక్కడి రీతి. మొఖం కడగకుంట, నోట్ల నీళ్లు పొయ్యకుంట మిల్లు గేటుకు పోయిన. రెండో రోజు నాలుగింటికి లేచి బిందె పెట్టిన. అది వరుస అని తెలువదు, ముందట పెట్టిన. ఒకామె మరాఠీల తిట్టిన తిట్లు నాకు ఒక్కటి తెలువదు గని, అన్నీ సమజైనయి. అప్పుడు ఎదురు ఖోలీల కొంకణ్ ముసలవ్వ ఒకామె, అందరు ఆజీ అంటుండ్రి, నా బిందె గుంజి వరుసల తన బిందె ఎనుక పెట్టింది. తర్వాత ఒక చెంబు నీళ్లు పోసి ఏలుతోని చూపిచ్చింది: ఇది ఇయ్యాల్టికే. ఆ చాల్‌ల ఉప్పు అడగొచ్చు, అగ్గిపెట్టె అడగొచ్చు, పిల్లగాన్ని జరసేపు చూడుమని అడగొచ్చు. నీళ్లు అడుగుడు మర్యాద గాదు.

నీళ్ల సంగతి అంటె చిన్నదనుకుంటున్నవా? బొంబాయి నీళ్లు బొంబాయిల పుట్టవు. విహార్ చెరువు 1860ల కట్టిండ్రు. సరిపోలే. తర్వాత తుల్సి. సరిపోలే. 1892ల తాన్సా కట్టిండ్రు, అది దాదాపు నూరు కిలోమీటర్ల దూరం. ఆ తర్వాత వైతరణ, భాత్సా. మనిషి ఎత్తు పైపులల్ల అంత దూరం నడిచొచ్చిన నీళ్లను కోటిమంది పంచుకోవాలె. అందుకే ఒక్కో వాడకు ఒక్కో యాళ్ల. జూన్‌ల వానలు ఆలిశమైతె చెరువు మట్టం చూసి కోత పెడతరు. ఇప్పటికీ అంతే.

అందుకే ఇల్లు చూసేటప్పుడు ఆ ఒక్క ముచ్చట గట్టిగ అడుగు. ట్యాంకరు వస్తది అంటె, మున్సిపాలిటి నల్లా ఎందుకు లేదు, ఆ బిల్డింగు కాయితాలు సక్కగున్నయా అని అడగాలె. ఇరవైనాలుగు గంటలు ఉంటయి అంటె, కింద సంపు ఎంతది, మోటరు ఎవ్వలు ఏస్తరు, దాని పైసలు కిరాయిల కలిసినయా వేరేనా అని అడగాలె. పొద్దున గంటసేపే అంటె, ఆ గంట నువ్వు ఇంట్ల ఉంటవా, బండిల ఉంటవా చూసుకోవాలె. దళారికి చానవరకు జవాబు ఎర్క ఉండది. వాచ్‌మన్‌ను అడుగు. అంతకన్న, నీ గోడ పక్క ఇంట్ల ఉన్న ఆడామెను అడుగు. ఆమె నీళ్ల సంగతి చెప్పినంక, ఇంటాయన ఎట్లాంటోడో, మెట్లకాడ రాత్రి లైటు ఉంటదో లేదో, పైన ఎవ్వలు లొల్లి చేస్తరో అన్నీ చెప్తది.

మల్ల, గోడ దిక్కు చూడు. మొదటి అంతస్తు కింద ఉన్న ఇల్లైతె గోడ మీద మోకాలెత్తున మరక ఉందా, కొత్త రంగు ఏసి కప్పిండ్రా చూడు. సముద్రం పోటెక్కిన యాళ్లకు వాన దంచితె ఊర్లె నీళ్లు బయటికి పోవు, వెనుకకు తంతయి. 2005 జులై 26న ఒక్కదినంల శాంతాక్రూజ్ దిక్కు 944 మిల్లీమీటర్లు కురిసింది. అప్పుడు నేను ఈడనే ఉన్న. మనోళ్లు ముగ్గురు నడుముదాక నీళ్లల్ల తెల్లారేదాక నడిచి ఇల్లు చేరిండ్రు. వానాకాలం నీ సంచిల ఒక జత పొడి బట్టలు, జర తినేది, మంచినీళ్లు ఎప్పటికీ పెట్టుకో. బండ్లు నిలిచిపోతె ఎక్కడున్నవో అక్కడనే ఉండు, దోస్తు ఇంట్లనో ఆపీసులనో. చేరాలని ఎగవడకు.

ఇగ అసలు ముచ్చటకొస్త. ఇది మీ నాయినకు గూడ ఎన్నడు చెప్పలే.

మిల్లుల నాకు నౌకరి అంటె నౌకరి గాదు, బద్లీ. దినం పాళీ టైముకు గేటు కాడ నిలబడాలె. పర్మనెంటు మనిషి రాకపోతె ఆని సాంచ మగ్గం మీద మనల్ని పెడతరు. అందరొస్తె మనం ఇంటికి. పని దొరికిన దినం ఆరేడు రూపాయలు. మొదటి నెల నాకు గట్టిగ ఐదు దినాలు దొరికినయి. ఖానావళిల తిన్నది బాకీ, గదికి కట్టాల్సింది బాకీ. ఆ తర్వాత ఇరవై మూడు దినాలు వరుసగ గేటు కాడికెల్లి వాపస్ వచ్చిన. లెక్క ఎందుకు గుర్తుందంటె, గోడ మీద గీతలు గీసిన.

ఆ ఇరవై మూడు దినాల నడుమ మా అవ్వకు మనియార్డర్ పంపిన. బావ కాడ బదులు తీసుకొని పదిహేను రూపాయలు. మనియార్డర్ ఫారం కింద నాలుగు మాటలు రాసే జాగ ఉంటుండె. దాంట్ల రాసిన: "నేను మంచిగున్న. పని దొరికింది. రంది వడకు." పోస్ట్‌మాన్ దాన్ని చింపి మా అవ్వకు ఇచ్చిండు. అవ్వకు చదువు రాదు. బడి సారుతోని చదివిచ్చుకున్నది. ఒకపారి గాదు, ఇంటికొచ్చిన ప్రతి ఒక్కనితోని మల్ల చదివిచ్చుకున్నదట. కొంగుకు కట్టుకొని వాడంత తిరిగిందట.

రెండు నెలలు కాకముందే మా ఊరికెల్లి ముగ్గురు పోరగాండ్లు దిగిండ్రు. తెల్లారంగ చాల్ మెట్ల కాడ పెట్టెలు పెట్టుకొని కూసున్నరు. దాంట్ల ఒకడు మా చిన్నవ్వ కొడుకు. పదహారేండ్లు. నన్ను చూడంగనే లేచి నవ్విండు. "అన్నా, నువ్వు రాసినవు గదా, అందుకే వచ్చినం" అన్నడు.

నేను వాపస్ పొమ్మని చెప్పాల్సింది. నాకే పని లేదురా, అది అబద్ధం రాసిన అని చెప్పాల్సింది. నోరు రాలే. ఊర్లె నా పేరు ఏమైతదో అనుకున్న. రమ్మని లోపలికి తీసుకపోయిన. పద్నాలుగు మందిమి పదిహేడు మందిమైనం.

ఇద్దరు నిలదొక్కుకున్నరు. ఆ చిన్నవ్వ కొడుకు వేరే మిల్లుల పత్తి ఖాతాల చేరిండు. అక్కడ దుమ్ము మంచులెక్క లేస్తుండె. మూడేండ్లకు దగ్గు వట్టింది. శివ్‌డీల టీబీ దవాఖాన ఉంటది, అక్కడ నెలలకొద్ది ఉన్నడు. నేను పాళీ దిగినంక పోయి కిటికి కాడ కూసుంటుంటి. ఒకనాడు ఇంటికి ఉత్తరం రాసియ్యి అన్నడు. ఏం రాయాలె అంటె, "నేను మంచిగున్న అని రాయి" అన్నడు. నేను రాసిన. నా చేతితోని రెండోపారి గూడ అదే రాసిన. తర్వాత ఊరికి తీసుకొచ్చినం. రెండేండ్లు బతికిండు. నన్ను ఒక్కనాడు ఒక్కమాట అనలే. అంటె బాగుండు అనిపిస్తది ఇప్పటికీ.

మంట సల్లవడ్డది, జర ఊదు.

మీ నాయినమ్మ 1970ల వచ్చింది. అప్పటికి నేను పర్మనెంటైన. సాంచ ఖాతాల నాలుగు సాంచలు నడుపుతున్న. వేరే ఖోలి తీసుకున్న. ఆమె వచ్చిన దినం పెట్టె ఇప్పలే. మూడు రోజులు ఇప్పలే. ఎందుకు అంటె, "పక్క ఇండ్లల్ల ఆడోళ్ల పేర్లు తెలిసినంక ఇప్పుత" అన్నది. నేను ఐదేండ్లల్ల తెలుసుకోనిది ఆమె ఆర్నెల్లల్ల తెలుసుకున్నది. ఏ రేషన్ దుకాణంల ఏ రోజు చక్కెర వస్తది, ఏ డాక్టరు ఉద్దెర ఇస్తడు, ఎవ్వల ఇంట్ల కాన్పు ఉన్నది, ఎవ్వల ఇంటికి రాత్రి పోవద్దు, అన్నీ ఆమెకు ఎరుక. పదకొండు మందికి ఖానావళి పెట్టింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు. మన ఊరి పచ్చిపులుసు కోసం పక్క చాల్‌లకెల్లి వస్తుండ్రి. ఆజీకి మన భాష రాదు, ఈమెకు ఆమె భాష రాదు, ఇద్దరు మెట్ల మీద కూసోని సాయంత్రమంత మాట్లాడుకుంటుండ్రి. తంగెడు పువ్వు దొరకదని బతుకమ్మను బంతితోని చామంతితోని పేర్చింది. మొదటి ఏడు నలుగురు ఆడిండ్రు. తర్వాత ఏడు మరాఠోళ్లు గూడ వచ్చి చప్పట్లు కొట్టిండ్రు. నువ్వు ఆమె మనుమరాలివి. ఆమె రీతిల పో, నా రీతిల పోకు.

భాష సంగతి గూడ చెప్పాలె. అక్కడ ఇందీతోని గడుస్తది, అది నిజమే. మన తెలంగాణోళ్లకు సగం వచ్చినట్టే. కాని మా కాలంల బొంబాయిల బస్సు ముందట నంబరు మరాఠీ అంకెలల్ల రాస్తుండ్రి. ఆ పది అంకెలు తెలువక నేను ఒకపారి రెండు గంటలు ఎదురుచూసి, నా బస్సులు నా ముందటికెల్లే పోతుంటె చూసుకుంట నిలబడ్డ. ఆ రాత్రి బావ బొగ్గుముక్కతోని నేల మీద ఆ పది అంకెలు రాసిండు, నేర్చుకున్న. నువ్వు బండిల కూసున్నప్పుడే నేర్చుకో. 'కితి' అంటె ఎంత, 'పుఢే చలా' అంటె ముందటికి నడువుమని. పెద్దమనిషిని 'తూ' అనకు, 'తుమ్హీ' అను. నాలుగు మాటలు వాళ్ల భాషల మాట్లాడితె కూరగాయలామె నీకు మంచి టమాటలు ఏరి ఇస్తది. ఇది నేను చూసిందే.

దూరం గూడ అక్కడ కోసులల్ల లెక్కపెట్టొద్దు. ఏ లైను మీద ఉన్నవు అన్నదే లెక్క. లోయర్ పరేల్ పడమటి లైను, కర్రీ రోడ్డు సెంట్రల్ లైను. రెండు స్టేషన్లు దగ్గరదగ్గరనే ఉన్నయి. అంటె నీ ఆపీసుకు రెండు లైన్లు పనికొస్తయి, ఆ అదృష్టం అందరికి ఉండది. ఏ లైను మీద ఇల్లు తీసుకున్నా, మారుడు లేకుంట ఒక్క బండిల చేరేటట్టు చూసుకో. దాదర్‌ల దినం రెండుపార్లు లైను మారుడు అంటె నీ ఒళ్లు ఆర్నెల్లల్ల చెప్తది. ఇల్లు ఒప్పుకునే ముందు ఆ స్టేషన్ల పొద్దున ఎనిమిదిన్నరకు ఒకపారి నిలబడి చూడు. ఇల్లు చూపిచ్చేటోళ్లు మధ్యాన్నమే చూపిస్తరు. ఆడోళ్ల డబ్బ యాడ ఆగుతదో ప్లాట్‌ఫారం మీద గుర్తు వెట్టుకో. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషన్ పేరు ఇప్పుడు ప్రభాదేవి. పాతోళ్లు ఇంక ఎల్ఫిన్‌స్టన్ అనే అంటరు, తికమక వడకు.

ఎవ్వలన్న కామాటిపుర పేరు చెప్పి నవ్వితె తలొంచుకోకు. రెండొందల ఏండ్ల కింద మన దిక్కు నుంచి పోయిన కామాటోళ్లు, రాళ్లు మోసి, గోడలు కట్టి, రోడ్లు పోసినోళ్లు, ఆడ ఉన్నరు. వాళ్ల పేరే ఆ వాడకు నిలిచింది. ఆ పట్నం కట్టుడుల మన చేతులున్నయి.

కాయితాల ముచ్చట చెప్పి ఆపుత. 1974ల ఒక ఖోలి పగిడీకి, అంటె ముందు పెద్ద మొత్తం కట్టి కిరాయికి, తీసుకుందామని రెండు వేల రూపాయలు ఒకని చేతుల పెట్టిన. మూడేండ్లు మీ నాయినమ్మ ఖానావళిల పొదుపు చేసిన పైసలవి. నోటిమాట. చీటి అడిగితె, "నమ్మకం లేదా" అన్నడు. నమ్మకం లేదంటె ఏమనుకుంటడో అని ఊకున్న. వారం తర్వాత ఆ ఖోలికి ఇంకొకని తాళం. మీ నాయినమ్మ ఏడ్వలే. రెండు రోజులు మాట్లాడలే. అందుకే చెప్తున్న, పదకొండు నెలల అగ్రిమెంటు రిజిస్టరు చేయించనిది డిపాజిటు ఇయ్యకు. అక్కడ అది రిజిస్టరు చేయించుడు చట్టమే, నువ్వు ఎవ్వల్ని అనుమానించినట్టు గాదు. పైసలు బ్యాంకుల నుంచే పంపు. లోపలికి పోయిన దినం గోడలు, నల్లాలు, ఫ్యాన్లు అన్నీ ఫోటో తియ్యి.

మా మిల్లు కాయితాలు గూడ గట్లనే. 1982 జనవరి 18. యూనియన్ లీడరు దత్తా సామంత్ పిలుపు మీద రెండున్నర లక్షల మందిమి పని బంద్ పెట్టినం. అరవైకి పైన మిల్లులు. నెలల ముచ్చట అనుకున్నం. ఏడాది దాటింది. సమ్మె ముగిసింది అని ఎవ్వలూ చెప్పలే, అట్లనే సల్లారిపోయింది. భోంగాలు ఆగిపోయిన పొద్దున ఎట్లుంటదో చెప్పరాదు బిడ్డా. అంత మంది ఉన్న వాడల నిశ్శబ్దం. కొన్ని మిల్లులు మల్ల తెరిచినయి, మాది తెరవలే. భీవండి పోయి పన్నెండు గంటల పాళీ సాంచలు నడిపిన. అక్కడ పీఎఫ్ లేదు, సెలవు లేదు. మా మిల్లుకాడ నాకు రావాల్సిన దానికోసం ఏండ్లకొద్ది తిరిగిన. అప్పటి జీతం చీటీలు తెమ్మన్నరు. నేను ఒక్కటి దాచుకోలే. మా ఖాతాల ఒకాయన పదిహేనేండ్ల చీటీలు రేకుడబ్బల పెట్టుకున్నడు. ఆయనకు వచ్చినయి. నాకు సగం గూడ రాలే.

అయితె మేము రోడ్డు మీద పడలే. ఎందుకో ఎరుకేనా? 1974ల పైసలు పోయినప్పుడు, ఊర్లె ఇల్లు అమ్మి మల్ల ఖోలి కొందాం అన్న. మా అవ్వ ఒప్పుకోలే. "నేను సచ్చినంక అమ్ముకో" అన్నది. నాకు కోపమొచ్చింది, ఏడాది ఉత్తరం రాయలే. 1986ల మీ నాయిన చెయ్యి పట్టుకొని, భీవండిల రెండు పాత సాంచలు కొని లారీల ఏసుకొని వచ్చి, ఇగో ఈ ఇంట్లనే దిగిన. ఈ వాకిట్లనే. నువ్వు కూసున్న జాగల మా అవ్వ కూసుంటుండె. సిరిసిల్లల నా అసుంటోళ్లు ఎంతమందో.

నువ్వు చదువుకున్నదానివి, నీ నౌకరి వేరు. నీకు మేకు కోసం కొట్లాట ఉండది. కాని నీకు గూడ ఒక పొద్దున ఆపీసు నుంచి రావద్దని చిట్టి రావచ్చు. ఆర్నెల్ల కిరాయి ఎత్తిపెట్టేదాక ఏ ఖర్చు పెంచకు. ఈ గది నీకు ఖాళీగనే ఉంటది.

నిన్ను చూసి మీ చెల్లె వస్త అంటది, పక్కింటి పోరడు వస్త అంటడు. ఇప్పుడు మనియార్డర్ల కాలం గాదు, ఫోన్ల ఫోటోలు పెడతరు. సముద్రం ముందట నిలబడి నవ్వుతున్న ఫోటో పెడితె పెట్టు బిడ్డా, వద్దన. ఆ ఫోటో చూసి ఎవ్వలన్న నేను గూడ వస్త అంటె మాత్రం, కిరాయి ఎంత, చేతుల ఎంత మిగులుతున్నది, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరుతున్నవు అన్నీ చెప్పు. ఏడ్పు వచ్చిన రోజు నాకు ఏడ్పు వచ్చిందని చెప్పు.

నాకు దినం ఫోన్ చేయకున్నా పర్వాలేదు. ఇల్లు చూసుకున్న రోజు మాత్రం ఒకపారి చెయ్యి. మంచిగున్న అని ఒక్కమాట జెప్పి పెట్టకు. నీళ్లు ఎన్ని గంటలకు వస్తున్నయో చెప్పు.